కుర్చీకి బిగించిన కంట్రోలర్

కుర్చీ మొదటిసారి తనంతట తాను కదిలినప్పుడు సుచిత్ర వంటింట్లో చేపలు కడుగుతోంది. హాల్లో మొగుడు జీవన్ కుమార్ చక్రాల కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. మోటారు సన్నగా గుర్రుమంది. మంచినీళ్ళకి వస్తున్నాడు కాబోలనుకుని తలెత్తి చూస్తే, ఆయన చెయ్యి ఒళ్ళో ఉంది. కుర్చీ మాత్రం ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు మెల్లగా గోడ దాకా వెళ్ళి ఆనుకుని ఆగింది.

"ఏంటండీ, గోడతో కబుర్లా?" అంది సుచిత్ర నవ్వు తెచ్చుకుని.

"నేను ముట్టుకుంటే ఒట్టు. దానికే బుద్ధి పుట్టింది షికారు వెళ్ళాలని."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే సుచిత్ర చేతులు తుడుచుకుని కుర్చీ దగ్గరికొచ్చింది. అదేమిటో ఆవిడకి తెలుసు. గుడివాడలో గేమ్ సెంటర్ నడిపే మనిషికి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి! ఆ కుర్చీని నడిపేది ఒక గేమ్ కంట్రోలర్. అందులో బొటనవేలితో తిప్పే స్టిక్ అరిగిపోయి, వేలు తగలకుండానే తగిలినట్టు అబద్ధం చెప్తోంది. కుర్రాళ్ళు దాన్ని డ్రిఫ్ట్ అంటారు. ఆటలో అయితే బొమ్మ మనిషి వెళ్ళి గోడకి గుద్దుకుంటాడు, అందరూ గోల చేస్తారు, అంతటితో సరి.

అసలీ సుచిత్ర సంగతి కొంత చెప్పాలి. పుట్టింది బందరు చిలకలపూడిలో. ఆ వీధిలో పొద్దున లేస్తే పక్కింట్లో గొలుసులు అల్లుతుంటారు, ఎదురింట్లో గాజులకి రాళ్ళు అంటిస్తుంటారు. వాళ్ళమ్మ అన్నమ్మ చూపు మందగించేదాకా రాళ్ళు అంటించింది. మేనమామ రాజారత్నం నగలకి మెరుగు పెట్టేవాడు, అంటే మందునీళ్ళలో ముంచి బంగారు పూత వేసేవాడు, ఇప్పటికీ అదే పని. ఆదివారం ఆ ఆడవాళ్ళు చర్చికి వస్తుంటే మెడలూ చేతులూ ధగధగలాడిపోయేవి. అందులో ఒక్కటీ బంగారం కాదు, ఆ సంగతి చెప్పడానికి ఒక్కరికీ మొహమాటం లేదు. ఎవరన్నా పొరపాటున "డూప్లికేట్" అన్నారో, సుచిత్రకి ఒళ్ళు మండిపోతుంది. "డూప్లికేట్ ఏంటండీ? కవరింగ్ అనండి. చెప్పి అమ్మేది డూప్లికేట్ ఎట్లా అవుద్ది?" అని మీదికొచ్చేస్తుంది.

నిజమే, ఆ వీధి కట్టుబాటు అది. కవరింగ్‌ని కవరింగ్ అనే చెప్పి చేతిలో పెడతారు. మెరుగు తగ్గితే పారెయ్యొద్దు, పట్టుకురండి, మళ్ళీ పెట్టిస్తాం అంటారు. పోయిన మెరుపు మళ్ళీ వస్తుందని చిన్నప్పటినుంచీ కళ్ళారా చూసిన పిల్ల. ఆ నమ్మకమే చివరికి కొంప ముంచింది.

జీవన్‌ది దివిసీమ. మోపిదేవి దాటాక కృష్ణ ఒడ్డున ఊరు. రొయ్యల వ్యాను నడిపేవాడు. పెళ్ళయ్యాక గుడివాడలో కాపురం పెట్టారు. ఒక వానాకాలం కాలవగట్టు మీద వ్యాను పల్టీ కొట్టింది. మెడ ఎముక దెబ్బతింది. కాళ్ళు పడిపోయాయి, ఎడం చెయ్యి పడిపోయింది, కుడి చేతికి కాస్త మణికట్టూ బొటనవేలూ మిగిలాయి. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. "దేవుడు ముఖ్యమైనవి రెండూ ఉంచాడు, నోరూ బొటనవేలూ," అనేవాడు పలకరించడానికి వచ్చినవాళ్ళతో. వచ్చినవాళ్ళు ఏడవాలో నవ్వాలో తెలీక టీ తాగి వెళ్ళేవాళ్ళు.

బతకాలి కదా! ముందుగదిలో మూడు టీవీలు పెట్టి గేమ్ సెంటర్ తెరిచింది సుచిత్ర. మొదట్లో అన్నీ కంపెనీ కంట్రోలర్లే. కాలేజీ కుర్రాళ్ళ చేతుల్లో అవి ఎన్నాళ్ళాగుతాయి? ఒక్కొక్కటే మూలపడ్డాయి. వాటి స్థానంలో వేరే కంపెనీలు చేసిన చవక రకం, అదే థర్డ్ పార్టీ అంటారే, అవి తెప్పించింది. వాటిని విప్పడం, స్పిరిట్‌లో దూది ముంచి తుడవడం, మళ్ళీ బిగించడం అన్నీ నేర్చుకుంది.

"ఆంటీ, ఒరిజినల్ లేదా?" అని గునిసేవాళ్ళు కుర్రాళ్ళు.

"ఉంటే గెలిచేస్తావా?" అనేది సుచిత్ర. "కంపెనీ పేరు డబ్బా మీద ఉంటది నాయనా. బొటనవేలుకి పేరెందుకు?"

ఇంటికి కొనుక్కోవాలనుకునేవాళ్ళు కూడా ఆవిడనే అడిగేవాళ్ళు, థర్డ్ పార్టీ కొనొచ్చా వద్దా అని. ఆవిడ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. నిక్షేపంగా కొనొచ్చు, కాకపోతే బటన్లు గట్టిగా ఉన్నవి చూసి కొను, స్టిక్ వదులైతే శుభ్రం చేయించుకో, ఒరిజినల్‌కి మాత్రం అరుగుదల ఉండదా ఏంటి, అదేమన్నా ఆకాశం నుంచి ఊడిపడిందా? ఈ మాటల్లో తప్పేం లేదు. ఆటకి సంబంధించినంతవరకు నూటికి నూరుపాళ్ళూ నిజం.

చర్చి పెద్దలు పూనుకుని జీవన్‌కి మోటారు కుర్చీ తెప్పించారు. తీరా చూస్తే దాని మీట ఆయన వేలికి లొంగదు, అంత బిగువు. అప్పుడు గిరీష్ వచ్చాడు. చేపల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేసే మెకానిక్కు. జీవన్ వ్యాను నడిపే రోజులనుంచీ స్నేహితుడు, బావా అంటే బావా అనుకునేవాళ్ళు. "గేమ్ కంట్రోలర్ స్టిక్ అయితే ఈకలాగా కదులుద్ది బావా, దాన్ని బిగిద్దాం," అన్నాడు. కుర్చీ చేతికింద చిన్న పెట్టె చేసి, కంట్రోలర్ని లోపల పెట్టి, స్టిక్ తల ఒక్కటీ పైకి కనిపించేలా అమర్చాడు. మోటార్లు ఆపే స్విచ్ మాత్రం వీపు వెనక ఉంది, ఇంకొకళ్ళు నొక్కాలి.

బిగించే ముందు గిరీష్ ఒక మాటన్నాడు. "అక్కా, దీనికి మాత్రం ఒరిజినల్ తెప్పించు. ఇది ఆట కాదు."

"ఎందుకురా? అందులో ఉన్నదే ఇందులోనూ ఉంది. నువ్వు బిగించు," అంది సుచిత్ర. ఆవిడ మాట తీసేసి గుడివాడలో నెగ్గుకొచ్చినవాళ్ళు తక్కువ. గిరీష్ బిగించాడు.

ఆ కుర్చీతో జీవన్ మళ్ళీ మనిషయ్యాడు. ఒకరి చేత తోయించుకోకుండా వీధి చివర టీ కొట్టు దాకా వెళ్ళడం, ఆదివారం అందరికంటే ముందు చర్చికి చేరి "ఆలస్యంగా వచ్చారేంటండీ" అని పాస్టరు గారినే ఏడిపించడం, అబ్బో, ఆ వైభోగం చూడాలి! సుచిత్ర గుమ్మంలో నిలబడి ఆ వీపు దూరమవుతుంటే చూసి మురిసిపోయేది.

అలాంటి కుర్చీ గోడదాకా తనంతట తాను వెళ్ళింది.

సుచిత్ర పెట్టె విప్పి స్టిక్ తుడిచింది. కొన్నాళ్ళు బాగుంది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ తుడిచింది. ఒక సాయంత్రం వాకిట్లోంచి మురుక్కాలవ వైపు జారుతుంటే ఎదురింటాయన పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. ఆ రోజు జీవన్ జోకులెయ్యలేదు.

"సుచీ, ఇంక చాలు. ఒరిజినల్ తెప్పించు," అన్నాడు. "సంజన బాప్తిస్మం దగ్గరకొచ్చింది. మా ఊరి రేవులో ఇస్తారు. ఊరు వదిలినవాడు ఊరికి మూటలాగా వచ్చాడని అనిపించుకోను. నా అంతట నేను రేవులోకి దిగి చూడాలి." సంజన జీవన్ అన్న కూతురు. నడక రాని రోజులనుంచీ బాబాయి భుజాల మీద పెరిగింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది.

"తెప్పిస్తాను లెండి," అంది సుచిత్ర.

తెప్పించాల్సింది. ఆ మాట ఇప్పుడు ఎవరైనా అంటారు. కానీ ఆవిడ లెక్క వేరు. ఒరిజినల్ తెచ్చిందంటే గిరీష్ "నేను చెప్పలా?" అంటాడు. అది ఆవిడ గొంతు దిగదు. పైగా ఆ స్టిక్ విప్పినప్పుడల్లా లోపల సన్నటి రేకు ముక్కలు కనిపించేవి, స్టిక్‌తో పాటు అటూ ఇటూ రాసుకునేవి. వాటి మెరుపు చచ్చిపోయింది. చిలకలపూడి పిల్లకి మెరుపు చచ్చిన రేకు కనిపిస్తే ఏమనిపిస్తుంది? మెరుగు పెట్టిస్తే సరి అనిపిస్తుంది. లోకంలో ఇంకెవరికీ రాని ఆలోచన అది.

విజయవాడలో ఒరిజినల్ దొరుకుతుందట, వెళ్ళి తెస్తానని మొగుడితో చెప్పి, బందరు బస్సెక్కింది.

రాజారత్నం ఆ రేకుల్ని భూతద్దం పెట్టుకుని చూశాడు. "ఇదేం నగ అమ్మాయ్?"

"నగ కాదు మావయ్యా, మెషీన్ ముక్క. కొంచెం మందంగా పెట్టు."

ఆయన వాటిని తీగకి గుచ్చి మందునీళ్ళలో దింపాడు, తీశాడు, కడిగాడు, రంపంపొట్టులో దొర్లించి ఆరబెట్టాడు. పచ్చగా మెరిసిపోయాయి. అయినా ఆయన మొహం తేటపడలేదు. "గాజైతే కడిగితే మందు పోద్ది. ఈ మడతల్లో ఏమన్నా నిలిచిందేమో నాకు కనపట్లేదమ్మా. నిలిస్తే లోపల్లోపల తినేస్తది. పైగా మనది ఉప్పుగాలి. దేనికిది?"

"ఏదో ఆటసామాను లే," అంది సుచిత్ర.

మొగుడికి ఒకటి, మేనమామకి ఒకటి. ఒకే రోజు రెండు అబద్ధాలు అలవోకగా వచ్చేశాయి.

ఇంటికొచ్చి గేమ్ సెంటర్ మూలన పడున్న చచ్చిన ఒరిజినల్ కంట్రోలర్ ఒకటి తీసి, దాని స్టిక్ మీది రబ్బరు టోపీ లాగింది. మెరుగు పెట్టిన రేకులు మళ్ళీ బిగించి, పాత స్టిక్‌కి ఆ టోపీ తొడిగింది. పైకి కనిపించేది అదొక్కటే కదా. జీవన్ బొటనవేలు ఆనించాడు. కుర్చీ హాలంతా గిర్రున తిరిగి, గుమ్మం దగ్గర ఠక్కున ఆగింది.

"అబ్బ! వెన్నపూసే! చూశావా సుచీ, ఒరిజినల్ ఒరిజినలే. నా మాట విన్నావు చూడు, అదీ నా పెళ్ళామంటే!" అన్నాడు జీవన్. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆయనకి.

అప్పుడన్నా చెప్పొచ్చు. కవరింగేనండీ, మెరుగు పెట్టించానంతే అని నవ్వుతూ అనేస్తే ఆయనా నవ్వేవాడేమో. సుచిత్ర "ఊఁ" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. జీవన్ వీధంతా చెప్పుకున్నాడు. గిరీష్ ఫోన్ చేసి "ఏ మోడల్ తెచ్చావక్కా?" అంటే, "నీకెందుకురా అవన్నీ, బావ సంతోషంగా ఉన్నాడు చాలదూ?" అని పెట్టేసింది.

ముసురు పట్టింది. బట్టలు ఆరవు, గోడలు చెమరుస్తున్నాయి. ఒక మధ్యాహ్నం జీవన్ కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు. సుచిత్ర చూస్తుండగానే చక్రం బెత్తెడు జరిగి ఆగింది. ఆయన లేవలేదు. ఆవిడ చప్పుడు కాకుండా పెరట్లోంచి ఇటుక తెచ్చి చక్రం ముందు పెట్టింది. ఆయన మేలుకునే ముందు తీసేసింది. ఆ రోజునుంచీ ఆయన నిద్రపోయినప్పుడల్లా ఇటుక పెట్టడం, లేచేలోపు తీసెయ్యడం. ప్రార్థనలో కూర్చుంటే ఒకటే మాట వచ్చేది ఆవిడ నోట: ఈ బాప్తిస్మం గండం దాటించు తండ్రీ, రాగానే నిజంగా ఒరిజినల్ తెచ్చేస్తాను.

కుర్చీని ట్రాలీ ఆటోలో ఎక్కించి, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా జీవన్ సొంతూరు చేరారు. చినుకులు పడుతున్నాయి. రేవులో మెట్ల పక్కన సిమెంటు వాలు ఉంది, పడవలు లాగడానికి కట్టింది. పోటు టైము. సముద్రం ఎక్కువ దూరం లేదక్కడికి, నీళ్ళు వెనక్కి ఎగదన్నుతూ మెట్టు మెట్టూ మింగుతున్నాయి. ఆ ఊరి పాస్టరు శామ్యూల్ రాజ్ గారు అప్పటికే నడుం లోతులో నిలబడ్డారు. పక్కనే తెల్లబట్టల్లో సంజన.

సుచిత్ర మొగుడి నడుం చుట్టూ బెల్టు బిగించింది, జారిపోకుండా రెండుసార్లు లాగి చూసింది. "నేను వెనకాల పట్టుకుంటానండీ," అంది.

"వద్దు. ఇవాళ ఒక్కరోజు నన్నొదిలెయ్ సుచీ."

జీవన్ వదిన అడ్డం వచ్చింది. "ఇక్కడే ఉండు జీవా, కింద పాకుడుగా ఉంది."

"ఏం కాదొదినా, ఒరిజినల్ ఇది. మీ చెల్లెలు విజయవాడ వెళ్ళి మరీ తెచ్చింది. నా వేలు ఆగమంటే ఆగుద్ది." జీవన్ అందరూ చూస్తుండగా వాలు మీద నెమ్మదిగా దిగాడు. నీళ్ళకి కాస్త ఎగువన ఆగాడు. సంజన వెనక్కి తిరిగి బాబాయిని చూసి చెయ్యూపింది. ఆయన మొహం వెలిగిపోయింది.

చెప్పెయ్, ఇప్పుడు చెప్పెయ్ అని సుచిత్ర లోపల్నుంచి ఏదో అరుస్తోంది. అయినా ఆవిడ చేతుల్లో సంజన పొడిబట్టలు పట్టుకుని, ఆడవాళ్ళ మధ్య ఒడ్డు మీద నిలబడిపోయింది.

"కళ్ళు మూసుకుందాం," అన్నారు శామ్యూల్ రాజ్ గారు.

ఒడ్డంతా కళ్ళు మూసుకుంది. జీవన్ తల వంచాడు. చెయ్యి స్టిక్ మీదనుంచి ఒళ్ళోకి జారింది. అంతమందిలో తెరుచుకుని ఉన్నవి సుచిత్ర కళ్ళే. చక్రం కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

అరవాలి. అరిస్తే ప్రార్థన ఆగుద్ది, అందరూ తిరిగి చూస్తారు, ఏమైందంటారు. ఏమైందో చెప్పాల్సొస్తుంది. ఆ ఒక్క క్షణం ఆవిడ వెనకాడింది. చప్పుడు లేకుండా దిగి స్విచ్ నొక్కేద్దామనుకుని, బట్టలు వదిన చేతిలో కుక్కి, వాలు మీదికి అడుగేసింది. పాకుడు మీద కాలు జారి మోకాళ్ళ మీద పడింది. అంతలోనే మోటారు గట్టిగా రొద పెట్టింది.

"ఏవండీ! అది ఒరిజినల్ కాదండీ! పాతదేనండీ అది, పాతదే!"

ఊరు ఊరంతా విన్నది ఆ కేక. జీవన్ కళ్ళు తెరిచాడు. నీళ్ళ వైపు చూడలేదాయన. తల తిప్పి పెళ్ళాం వైపు చూశాడు. మళ్ళీ స్టిక్ మీదికి చేరిన బొటనవేలు కొట్టుకుంటోంది గానీ కుర్చీ దాని మాట వినలేదు. ముందు చక్రాలు నీళ్ళలో దిగాయి, కుర్చీ పక్కకి ఒరిగింది, ఆయన తల కనిపించలేదు.

సంజన బాప్తిస్మం పొందకముందే బాబాయి కోసం మునిగింది. శామ్యూల్ రాజ్ గారు కుర్చీని ఎత్తబోతే లేవలేదు. బెల్టు ఊడిరాలేదు, అంత గట్టిగా కట్టింది సుచిత్ర. చివరికి పడవవాళ్ళు ఎవరో వల కోసే కత్తితో దూకి బెల్టు తెంపారు. ఒడ్డున పడేసి పొట్ట నొక్కితే కృష్ణ నీళ్ళు కక్కాడు జీవన్. బతికాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి చాలా రోజులు బందరులో ఆసుపత్రిలో ఉన్నాడు.

గిరీష్ కుర్చీని ఇంటికి చేర్చి పెట్టె విప్పాడు. రేకుల మీద ఆకుపచ్చ చిలుం ముద్దలు కట్టుంది. "ఏం చేశావక్కా దీన్ని?" అన్నాడు. సుచిత్ర అంతా చెప్పింది. చిలకలపూడి, మందునీళ్ళు, రబ్బరు టోపీ, ఇటుక, ఏదీ దాచలేదు. "నేను చెప్పలా" అనలేదు గిరీష్. అంటే బాగుండుననిపించింది ఆవిడకి.

ఆసుపత్రిలో మొగుడి కాళ్ళ దగ్గర కూర్చుని ఆయనకీ చెప్పింది. తిట్టమంది, కొట్టమని ఆయన చెయ్యి తీసుకుని చెంపకేసి కొట్టుకుంది. జీవన్ అంతా విని, "సరేలే, ఏడవకు," అన్నాడు.

ఒరిజినల్ వచ్చింది. గిరీష్ సీలు తియ్యకుండా తెచ్చి, జీవన్ కళ్ళెదుటే డబ్బా కోసి బిగించాడు. ఆపే స్విచ్ కూడా గడ్డం కిందికి మార్చాడు. జీవన్ మళ్ళీ టీ కొట్టుకి వెళ్తున్నాడు. కుర్రాళ్ళతో వేళాకోళాలు, పాస్టరు గారితో పరాచికాలు, అన్నీ మామూలే. ఏం మారలేదు, అందరికీ సంతోషమే. సుచిత్ర కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది, పోన్లే, మా ఆయన మనసు వెన్న అనుకుంది.

ఒకరోజు టిఫినయ్యాక డాక్టరు రాసిన మాత్ర చేతిలో వేసుకుని ఆయన నోటి దగ్గర పెట్టింది. జీవన్ నోరు తెరవలేదు.

"అట్ట ఏదీ?" అన్నాడు.

"ఏ అట్టండీ?"

"మాత్రలట్ట. పట్రా."

ఆవిడ వెళ్ళి తెచ్చి ఆయన కళ్ళ ముందు పట్టుకుంది. పేరు చదివాడు. వెనక్కి తిప్పమన్నాడు, తేదీ కూడా చదివాడు. కోపమేం లేదు ఆ మొహంలో, కొత్త మనిషి దగ్గర ఉండే జాగ్రత్త ఉంది. అప్పుడు నోరు తెరిచాడు.

మర్నాడు సుచిత్ర ఆయన అడక్కముందే అట్ట కూడా తెచ్చింది.